నూట అరవై రెండు

నేలవేము చేదు మీకు తెలిసే ఉంటుంది.
జ్వరమొచ్చిన రోజు కషాయం తాగాక
గ్లాసు అడుగున మిగిలే పచ్చటి మడ్డి.
ఎంత తిప్పినా నీళ్లతో కలవదు.
మూడున్నరేళ్లుగా
నా పగళ్లన్నీ ఆ మడ్డితోనే.

సీతమ్మధారలో రెండో అంతస్తు గది.
కిటికీ తెరిస్తే ఓడ కూత, మూస్తే ఫ్రీజరు మోత.
ఉప్పుగాలికి సెంట్రిఫ్యూజు మూత తుప్పుపట్టింది,
తిరిగే ముందు ముసలాడిలా ఒకసారి మూలుగుతుంది.

చేసేది చెప్పుకుంటే చిన్న పని:
చేదు అణువు భుజం మీద
ఒక్క గ్లూకోజుని కూచోబెట్టాలి.
తీపి చెయ్యడానికి కాదు,
నీళ్లతో దానికో చుట్టరికం కలపడానికి.

కూచోబెట్టే ఎంజైము మాది కాదు.
అనకాపల్లిలో బెల్లం పొయ్యి వెనక
మురుగు పారబోసే చోట
పైడిరాజు చెంచాతో తవ్వి తెచ్చిన మట్టిలో
ఎన్నాళ్లుగానో బతుకుతున్న ఓ బ్యాక్టీరియాది.
పెళ్లిళ్ల పేరయ్య అంటారు మా సారు దాన్ని.
నాకు మాత్రం హార్బరులో క్రేనే గుర్తొస్తుంది:
యూడీపీ మోసుకొచ్చిన చక్కెరని ఎత్తి
ఇంకో ఓడ మీద దించాలి, అంతే.

దించదు.
చేదు అణువు లావుది, ఎంజైము గుమ్మం ఇరుకు.
గుమ్మంలోనే కాళ్లు చాపుకుని
ఫీనైలాలనైన్ అనే పెద్దమనిషి.
లేవమంటే లేవడు.
జన్యువులో మూడక్షరాలు మార్చి
ఆ చోట చిన్న అలనైన్‌ని కూచోబెట్టాం.
మొదటిసారి ప్రోటీను మడత పడక
ముద్దగా అడుక్కి దిగిపోయింది.
రెండోసారి, చక్కెరని బాగానే ఎత్తింది,
ఎత్తి నీళ్లలో జారవిడిచింది.
పదకొండోసారికి లెక్క రాయడం మానేశాను,
తర్వాత సారు తిడితే మళ్లీ రాశాను.

తుఫాను రాత్రి కరెంటు పోయి
జెనరేటరు కూడా చేతులెత్తేస్తే
జాలరిపేట నుంచి చేపల ఐసు మోసుకొచ్చాడు పైడిరాజు
మోకాలి లోతు నీళ్లలో.
బతికిన గొట్టాలు నలభై.
ఆ థర్మోకోల్ పెట్టె మూత తీస్తే
ఇప్పటికీ వంజరం వాసన.

రోజూ సాయంత్రం ఫ్లాస్కులు కడగడానికొచ్చి
నూకరత్నం ఒకటే అడుగుతుంది:
"అంటిందేటమ్మా?"
"లేదు."
"అంటుతాది."
గిన్నె మాడితే ఎలా వదిలించాలో తెలిసిన మనిషి,
అంటించడం గురించి
అంత ధీమాగా ఎలా చెబుతుందో నాకర్థం కాదు.

మొన్న మంగళవారం.
తెర మీద, చేదు బరువు ఉండాల్సిన శిఖరానికి కుడిపక్క
ఒక బొడిపె.
వేలితో తుడిచాను, ధూళేమోనని.
ధూళి కాదు.
తీసివేసి చూస్తే తేడా నూట అరవై రెండు.
చక్కెర అంటుకుని, నీటిచుక్కంత బరువు వదులుకుంటే
మిగిలేది సరిగ్గా అంతే.
ఆ నలభైలో ఒక్క గొట్టం,
అందులోనూ నూటికి మూడు పాళ్లు.
మూడంటే మూడే, ఎక్కువ చేసి చెప్పను.
సారుకి ఫోను చేస్తే ఎత్తలేదు.
పైడిరాజు కుర్చీ మీంచి లేచి
ఏం చెయ్యాలో తోచక ఏసీ ఆపేశాడు.

"ఐతే తియ్యగుంటాదా?" అంది రత్నం.
తెలీదన్నాను. ఇక్కడివేవీ నోట్లో పెట్టకూడదు.
"మూడేళ్లు ఒండి, రుసి సూడకుండానా!"

ఆ మూడు పాళ్లూ వేరుచేసి
నీళ్లలో వేశాను, దీపానికి ఎదురుగా పట్టుకున్నాను.
మడ్డి లేదు. మబ్బు లేదు. అడుగున ఏమీ లేదు.
ఇన్నాళ్ల పనీ కంటికి కనబడనంతగా కలిసిపోయింది.
స్టాండులో పెట్టి, పేరు రాద్దామని పెన్ను వెతుకుతుంటే
వెనక కుళాయి చప్పుడు.
గొట్టం రత్నం చేతిలో ఉంది,
బ్రష్షు ఇంకో చేతిలో.

"ఇందల ఏటీ లేదు కదమ్మా,
కడిగేత్తాను."